గడ్డి కోసే బండి పందెంలో పరుగెత్తాలంటే?

కదిరి చుట్టుపక్కల వేరుశనగ చేలు చూస్తూ పెరిగిన మీరు ‘లాన్ మోవర్’ అనే యంత్రాన్ని బహుశా చూసి ఉండరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే అనంతపురం పీఠభూమిలో పశువుల మేతకే గడ్డి చాలదు. ఇక గడ్డిని పెరగనీయకుండా కత్తిరించే యంత్రం ఎవరికి కావాలి? కాని ఇంగ్లండు సంగతి వేరు. అక్కడ ఏడాది పొడవునా జల్లులు పడతాయి. ఇళ్ల ముందు పచ్చిక ఏపుగా పెరుగుతూనే ఉంటుంది. దాన్ని సమంగా కత్తిరించే మొదటి యంత్రాన్ని 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన తయారుచేశాడు. తరువాతి కాలంలో దానికి ఇంజను వచ్చింది, సీటు వచ్చింది. చిన్న ట్రాక్టరులా కూర్చుని నడిపే బండి అయింది.

1973లో ఆ దేశంలోని విస్‌బరో గ్రీన్ అనే పల్లెలో కొందరు మోటారు పందేల అభిమానులకు ఒక ఆలోచన వచ్చింది. కార్ల పందేలకు డబ్బు నీళ్లలా ఖర్చవుతోంది. ఇళ్లలో పడి ఉన్న పాత గడ్డి బండ్లతోనే పందెం వేస్తే? అలా గడ్డి బండ్ల పందేల సంఘం ఒకటి పుట్టింది. గెలిచినవారికి డబ్బు ఇవ్వరు. కోత కత్తులు తీసివేసిన తరువాతే బండి బరిలోకి రావాలి.

పచ్చిక కోసే బండి గంటకు 8 నుంచి 10 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మనిషి కొంచెం పరుగెత్తితే దాన్ని దాటిపోగలడు. మరి దాన్ని పందెపు బండిగా మార్చడం ఎలా?

కప్పీల లెక్క

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కాలితో తొక్కే కుట్టు మిషను ఉంటే గమనించండి. కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం, రెంటినీ కలుపుతూ ఒక బెల్టు. పెద్ద చక్రం ఒకసారి తిరిగేసరికి చిన్నది అనేకసార్లు తిరుగుతుంది. గడ్డి బండిలో దీనికి తిరగేసిన ఏర్పాటు ఉంటుంది. ఇంజను వైపు చిన్న కప్పీ, గేరు పెట్టె వైపు పెద్ద కప్పీ. ఉదాహరణకు మొదటిది 8 సెంటీమీటర్లు, రెండోది 16 సెంటీమీటర్ల వ్యాసం ఉందనుకోండి. ఇంజను రెండుసార్లు తిరిగితే గేరు పెట్టె ఒకసారి తిరుగుతుంది. ఇప్పుడు ఆ రెండు కప్పీలనూ తారుమారు చేయండి. ఇంజను ఒకసారి తిరిగితే గేరు పెట్టె రెండుసార్లు తిరుగుతుంది. అంటే బండి వేగం నాలుగు రెట్లు! గంటకు 10 కిలోమీటర్లు 40 అవుతుంది.

ఈ లాభం ఊరికే రాదు. వేగం నాలుగు రెట్లు పెరిగితే చక్రాలను తిప్పే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అయినా బండి ఎలా కదులుతుంది? మామూలుగా ఇంజను శక్తిలో ఎక్కువ భాగం కత్తులను తిప్పడానికే పోతుంది. కత్తులు తీసివేశాక ఆ శక్తి మిగులుతుంది, బరువూ తగ్గుతుంది.

గవర్నరు ఎందుకు?

‘కప్పీలతో పనేముంది? ఇంజనునే ఇంకా వేగంగా తిప్పవచ్చు కదా!’ అని మీకు అనిపించవచ్చు. ఈ చిన్న ఇంజన్లు సాధారణంగా నిమిషానికి 3,600 చుట్లకు మించి తిరగకుండా గవర్నరు అనే భాగం కాపలా కాస్తుంది. వేగం మితిమీరితే అది ఇంజనుకు అందే ఇంధనాన్ని తగ్గిస్తుంది. ఒకప్పుడు మన బావుల మీద నడిచిన ఆయిల్ ఇంజన్లలోనూ గవర్నరు ఉండేది.

దాన్ని తీసివేసి ఇంజనును రెట్టింపు వేగంతో తిప్పామనుకోండి. తిరిగే చక్రాన్ని చీల్చాలని చూసే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అంత ఒత్తిడికి చక్రం పగిలితే ముక్కలు తూటాల్లా ఎగురుతాయి. అందుకే తెలిసినవారు లోపలి భాగాలను గట్టివాటితో మార్చకుండా గవర్నరు జోలికి పోరు.

ఆపగలిగితేనే వేగం

అసలు చిక్కు ఇక్కడ ఉంది. గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం నాలుగు రెట్లయితే గతిజశక్తి పదహారు రెట్లు. పాత బ్రేకు గంటకు 10 కిలోమీటర్ల వేగంలో బండిని ఒక మీటరులో ఆపిందనుకుంటే, 40 కిలోమీటర్ల వేగంలో ఆపడానికి 16 మీటర్లు కావాలి. అదే మలుపు తిరగడానికి కావలసిన బలం కూడా పదహారు రెట్లే. ఎత్తుగా, ఇరుకుగా ఉండే బండి పల్టీ కొట్టక ఏం చేస్తుంది?

కాబట్టి పందెపు బండిని కట్టేవారు చట్రాన్ని నేలకు దగ్గరగా దించుతారు. అప్పుడు గరిమనాభి కిందికి వస్తుంది. చక్రాల మధ్య ఎడం పెంచుతారు, గట్టి బ్రేకులు బిగిస్తారు. నడిపేవాడి ఒంటికి ఒక తాడు కడతారు. అతడు కిందపడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. కదిరి నరసింహస్వామి రథోత్సవం చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రథాన్ని లాగడానికి ఎందరు ఉన్నా, చక్రాల కింద చెక్క మొద్దులు వేసి దాన్ని అదుపు చేసేవారు లేనిదే తేరు అడుగు కదలదు!

2014లో హోండా కంపెనీ మోటారు సైకిలు ఇంజను బిగించిన గడ్డి బండి గంటకు సుమారు 187 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డు సాధించింది. చూడటానికి గడ్డి బండే గాని, లోపలి చట్రం, చక్రాలు, బ్రేకులు అన్నీ కొత్తవే.

ఈ లెక్క మన ఊళ్లోనూ పనికొస్తుంది. వేరుశనగ కాయలు ఒలిచే యంత్రానికి కప్పీ మార్చి వేగం పెంచితే పని త్వరగా తెమలవచ్చు. కాని దెబ్బ గట్టిగా తగిలి గింజలు బద్దలవుతాయి. బద్దలైన గింజ విత్తనానికి పనికిరాదు కదా! తిరిగే బెల్టు దగ్గర పంచె అంచు, పైట కొంగు చిక్కుకునే ప్రమాదం కూడా ఉంది.

మీరూ లెక్క కట్టి చూడండి. మీ సైకిలు పెడళ్ల దగ్గర ఉన్న పెద్ద చక్రానికి, వెనుక ఉన్న చిన్న చక్రానికి ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టండి. మొదటి సంఖ్యను రెండోదానితో భాగించండి. పెడలు ఒక చుట్టు తొక్కితే వెనుక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. ఇక గట్టు ఎక్కేటప్పుడు సైకిలు ఎందుకు మొరాయిస్తుందో మీరే చెప్పగలరు.