మనసుకూ ఉంది రోజా!

రంజాన్ నెల. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. కోరుట్లలో ఓ ఇంట్లో చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది ఇల్లాలు. గొంతు తడారిపోతోంది. పక్కనే కూజా నిండా చల్లటి నీళ్లు. తాగితే చూసేవాళ్లెవరూ లేరు. అయినా ముట్టదు. ‘నా మనసు నా మాట వింటుంది’ అన్న ధీమా ఆమెకు ఆ కూజా దగ్గరే దొరుకుతుంది. తనను తాను అదుపు చేసుకోగలిగినవారికే తమ మీద తమకు గౌరవం పెరుగుతుందన్నది ఇస్లామీయ మనస్తత్వశాస్త్రం సారాంశం.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల... ఈ ఊళ్లకు ఆ మాటతో చాలా పనుంది. మొదటి రెండు ప్రాంతాల నుంచి గల్ఫ్ బాట పట్టినవారెందరో. సిరిసిల్లలో సాంచాలు ఆగి, అప్పులు పెరిగి 2000 దశకంలో నేతన్నలు ప్రాణాలు తీసుకున్నారు. సంపాదనే మర్యాద అనుకున్నచోట, అది ఆగిన రోజున మనిషి తలెత్తుకోలేడు. ఆ అవమానమే కోపమై ఇంట్లోవాళ్ల మీదో, తన మీదో పడుతుంది.

మనిషి గౌరవం దేవుడిచ్చిందంటుంది ఖురాన్. అంటే అది వీసాతో వచ్చేది కాదు, అప్పుతో పోయేదీ కాదు! అలాగని గర్వమూ కాదు. ఎదుటివారిని చిన్నచూపు చూస్తే అది అహంకారమే.

మనసును ‘నఫ్స్’ అంటారు. దానికి మూడు స్థితులు. చెడువైపు లాగేది అమ్మారా. తప్పు చేశాక నిలదీసేది లవ్వామా. నెమ్మదించినది ముత్మయిన్నా. కుస్తీలో గెలిచినవాడు కాదు, కోపాన్ని అణచుకున్నవాడే బలవంతుడన్నది ప్రవక్త బోధ. కోపమొస్తే నిలబడ్డవారు కూర్చోవాలి, అయినా తగ్గకపోతే పడుకోవాలి అన్నదీ ఆయన సలహాయే.

మందులు ముందే దాచుకున్నట్టు మంచి ఆలోచనల్ని కూడా ఆపదవేళకు సిద్ధం చేసుకోమన్నాడు పదో శతాబ్దంలో మరణించిన వైద్య పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ. వ్యాపారి లాభనష్టాలు చూసుకున్నట్టు మనిషి రోజూ తన మంచిచెడ్డల లెక్క చూసుకోవాలన్నాడు గజాలీ (1058-1111). సాంచాల ఆసామికి ఆ చిట్టా సంగతి వేరే చెప్పాలా?

అయితే నిగ్రహం అప్పు తీర్చదు, కూలి పెంచదు. దిగులు జబ్బుగా మారితే వైద్యం కావాల్సిందే. రోగమొస్తే చికిత్స చేయించుకోమన్నదీ ప్రవక్త బోధే. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. సాయం అడిగితే పరువేం పోదు!

పొద్దుగూకింది. అజాన్ వినిపించింది. కోరుట్ల ఇల్లాలు చాట పక్కన పెట్టి, ఖర్జూరం తిని, కూజా అందుకుంది. దాహం తీరింది. పొద్దుటి నుంచీ కూడగట్టుకున్న ధీమా మాత్రం రేపటికీ మిగిలే ఉంది.