పాత దూలము – క్రొత్త బల్ల

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పుదురు. ఇల్లు కట్టుట కష్టమే. కాని కూల్చిన యింటిలో మంచి కలప యేదో గుర్తించుటకును కొంత నేర్పు కావలయును. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలోను, కొల్లేటి చుట్టుప్రక్కల గ్రామములలోను పాత పెంకుటిండ్లను తీసివేసి డాబాలు కట్టుచున్నారు. ఆ యిండ్ల ద్వారబంధములు, తలుపులు, దూలములు కొన్ని పాత కలప అడితులకు చేరును. కొన్ని పొయ్యిలో బూడిద యగును. అట్టి కలపతో స్వల్పవ్యయమున స్నానపుగదికి ఒక బల్లను చేయు విధమును తెలిసికొందము. వాష్‌బేసిన్ అని మనము పిలుచు పింగాణి తొట్టిని దానిపై నమర్చి, క్రింద చెంబులు, సబ్బులు పెట్టుకొనవచ్చును.

ఈ కలప మన డెల్టాలో పుట్టినది కాదు. పూర్వము గోదావరి ఎగువ అడవులలో నరికిన టేకు దుంగలను తెప్పలుగా కట్టి, ప్రవాహమున రాజమహేంద్రవరమునకు తెచ్చెడివారు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట త్రవ్విన కాలువలు పొలములకు నీటినే కాక పడవలకు మార్గమును గూడ ఒసగినవి. బరువైన సరకులు ఆ దారిని ఊళ్ళకు చేరెడివి. అయినను టేకు కలవారి యిండ్లకే అందెడిది. సామాన్యులకు తాటివాసములే ఆధారము. తాటిమ్రాను వెలుపల మిక్కిలి గట్టిది. లోపల మెత్తని బెండు. కావున అది బల్లపలకకు తగదు.

నీరు కలపకు చేయు హాని యేమి? కట్టె తేమను పీల్చినపుడు అడ్డముగా ఉబ్బును, ఆరినపుడు ముడుచుకొనును. పొడవున మాత్రము నూటికి ఒక పాలైనను మారదు. ఈ భేదమువలననే పలకలు వంగును, పగులును. తేమ నూటికి ఇరువది పాళ్ళను మించి చాలకాలము నిలిచినచో బూజుజాతి జీవులు కట్టెను కుళ్ళజేయును. కొల్లేటి పరిసరములు పల్లపు నేలలు. వానకాలమున అచ్చటి గోడలు సైతము చెమ్మగిల్లును. ఇట్టి చోట టేకు చేవ శ్రేష్ఠము. దానిలోని సహజమైన తైలము చెదలను, కుళ్ళును చాలవరకు అడ్డగించును. అంతియే కాక, ఏండ్ల తరబడి కప్పు క్రింద ఆరిన కట్టె పచ్చికట్టెవలె త్వరగా వంగదు.

కలపను కొనునపుడు ఉలికొనతో గ్రుచ్చి చూడవలెను. ఉలి సులువుగా దిగినచో అది పుచ్చినది. సుత్తితో తట్టినపుడు గుల్లశబ్దము వచ్చినచో లోపల చెదలు తిన్నవని యెరుగవలెను. దాగిన మేకులను అయస్కాంతముతో వెదకి తీసిన తరువాతనే చిత్రిక పట్టవలెను.

విద్యార్థులారా! ఇచ్చట ఒక ముఖ్యవిషయము కలదు. పాత తలుపులపై రంగులలో సీసము ఉండవచ్చును. మన దేశమున గృహోపయోగపు రంగులలో పదిలక్షల పాళ్ళకు తొంబది పాళ్ళకు మించి సీసము ఉండరాదను నిబంధన 2017 నవంబరులో అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగును పొడిగా గీకినచో లేచు ధూళియు, ఆ కట్టెను కాల్చినచో వచ్చు పొగయు పిల్లల మెదడునకు హాని చేయును. కావున రంగు వేసిన కలపను పొయ్యిలో పెట్టరాదు. బల్లకు రంగులేని దూలమునే యెన్నుకొనవలెను.

ఇక కొలతలు. నేలనుండి తొట్టి అంచు సుమారు 32 అంగుళముల ఎత్తున నున్న చేతులు కడుగుకొనుటకు అనువుగా నుండును. తొట్టి ఎత్తు 5 అంగుళములైనచో బల్ల ఎత్తు 27 అంగుళములు కావలెను. పైపలక మందము ఒక అంగుళము. కాళ్ళ క్రింద నుంచు రాతిబిళ్ళ మందము మరియొక అంగుళము. కావున కాళ్ళ పొడవు 25 అంగుళములు. ఆ రాతిబిళ్ళయే తడినేలనుండి కాళ్ళను కాపాడును. పలక 24 అంగుళముల పొడవు, 18 అంగుళముల వెడల్పు ఉన్న చాలును.

అడ్డుకర్రల కొనలను నాలుకవలె చెక్కి, కాళ్ళలో తొలిచిన రంధ్రములలో బిగింపవలెను. మేకులకంటె ఈ కూర్పు గట్టిది; మేకు తుప్పుపట్టును. పలకను క్రిందినుండి మరలతో బిగించునపుడు మర దూరు రంధ్రములను కోలగా తొలువవలెను. అప్పుడు పలక ఉబ్బినను పగులక కదలును. క్రింది అరను అర అంగుళపు సందులతో పట్టీలు పేర్చి చేసినచో గాలి యాడి తడి ఆరును. తొట్టినుండి పోవు గొట్టమునకు ఒక వంపు ఉండవలెను. ఆ వంపులో నిలుచు నీరు మురుగు వాసనను గదిలోనికి రానీయదు.

తుదకు ఉప్పుకాగితముతో నునుపుచేసి, కాచిన అవిసెనూనెను పలుచగా మూడుమార్లు పూయవలెను. ప్రతి పూతయు ఆరిన పిదపనే మరియొకటి. కట్టె కోసిన కొనలే నీటిని మిక్కిలి త్రాగును. వానికి మరియొక పూత మేలు. నూనె గుడ్డలను ఉండగా చుట్టి పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి మండవచ్చును. వానిని నీట తడిపి, ఆరుబయట పరచవలెను.

రంపపు పని, ఉలి పని పెద్దలు గాని వడ్రంగి గాని చేయవలెను. కలపను పరీక్షించుట, కొలతలు లెక్కించుట, ఉప్పుకాగితము రుద్దుట మీరు చేయదగిన పనులు. ఏటేట వానకాలమునకు ముందు ఒక పూత నూనె పూసినచో బల్ల చాలకాలము మన్నును. ఒక టేకుచెట్టు దూలమగుటకు పెక్కేండ్లు పట్టును. దానిని కాల్చుటకు ఒక పూట చాలును. కట్టెను పొయ్యి దగ్గరకు తీసికొనిపోవు ముందు ఉలికొనతో ఒకమారు గ్రుచ్చి చూడుడు.