పురుషులలో వక్షోవృద్ధి - శస్త్రచికిత్సా మార్గాలు

విజయవాడ: కృష్ణా డెల్టాలో ఆకుతీతల కాలంలో మగవారు చొక్కా విప్పి చేలో దిగడం, వేసవిలో బందరు, ఏలూరు, రైవస్ కాలువల వెంట కుర్రకారు ఈత కొట్టడం సర్వసాధారణమైన దృశ్యాలు. అట్టి చోట ఎంతటి ఉక్కపోతలోనైనా చొక్కా తీయని యువకుని గూర్చి ఇంటిలోని వారు సైతం ఆరా తీయరు. పురుషులలో రొమ్ము గ్రంథి పెరిగే స్థితి, వైద్య పరిభాషలో గైనకోమాస్టియా, ఇట్టి సంకోచానికి ఒక కారణం. ఇది చికిత్సకు లొంగే స్థితి. అయితే అందరికీ కత్తి అవసరం లేదు, అవసరమైన వారందరికీ ఒకే విధమైన కోత సరిపోదు.

వక్షం ఉబ్బెత్తుగా కనిపించుటకు కారణం గ్రంథి కావచ్చు, కేవలం కొవ్వు కావచ్చు, రెండూ కలిసి ఉండవచ్చు. చనుమొన కింద బిళ్ల వలె గట్టిగా చేతికి తగిలితే అది గ్రంథి. అంతటా మెత్తగా ఉంటే కొవ్వు. ఈ తేడాను నిర్ధారించుకొనకుండా చికిత్సకు పూనుకొనడం వల్లనే అసంతృప్తికర ఫలితాలు ఎక్కువగా వస్తున్నాయని చెప్పవచ్చు.

యౌవనారంభంలో హార్మోన్ల హెచ్చుతగ్గుల వలన వచ్చే వాపు సాధారణంగా ఆరు నెలల నుండి రెండేళ్లలో దానంతట అదే తగ్గుతుంది. కనుక పదిహేనేళ్ల బాలుని విషయంలో వేచి చూడడమే ప్రథమ చికిత్స. పెద్దవారిలో స్పైరనోలాక్టోన్ వంటి మందులు, కాలేయ వ్యాధి, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, అరుదుగా వృషణాలలో కణితి కారణం కాగలవు. కండలు పెంచుటకై వ్యాయామశాలలలో చేతులు మారే స్టెరాయిడ్లు మరొక కారణం. ఒకవైపే గట్టి గడ్డ, చనుమొన నుండి రక్తస్రావం, చర్మం లోనికి లాగుకొనుట కనిపిస్తే ఆలస్యం తగదు. రొమ్ము క్యాన్సర్లలో సుమారు ఒక శాతం పురుషులలోనే వస్తుంది.

ఏడాదికి పైబడి నిలిచిన గ్రంథి నారకట్టి గట్టిపడుతుంది. అప్పుడు మందుల ప్రభావం స్వల్పం, శస్త్రచికిత్సే మార్గం. ఈ చికిత్స నూతనమైనది కాదు. ఏడవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు పాల్ ఆఫ్ ఏజినా దీనిని వర్ణించాడు. చనుమొన చుట్టూ గల నల్లని వలయపు అంచున అర్ధచంద్రాకారంగా కోసి గ్రంథిని తొలగించే పద్ధతిని 1946లో వెబ్‌స్టర్ వివరించారు. మచ్చ ఆ అంచులోనే కలిసిపోవడం దీని సౌలభ్యం. కొవ్వు అధికంగా ఉన్నచోట సన్నని గొట్టంతో దానిని పీల్చివేసే లైపోసక్షన్ అనుకూలం. కానీ గట్టిపడిన గ్రంథి ఆ గొట్టానికి లొంగదు. "కోత లేని చికిత్స" అను ప్రకటనలను నమ్మి లైపోసక్షన్ మాత్రమే చేయించుకొన్న వారిలో బిళ్ల అలాగే మిగిలిపోయే అవకాశం ఉంది. అందుచేత అనేక సందర్భాలలో రెండు పద్ధతులను కలిపి చేస్తారు. చర్మం బాగా సాగి వేలాడుతున్నప్పుడు అదనపు చర్మాన్నీ తొలగించవలసి వస్తుంది, మచ్చలు కొంత పెద్దవిగా ఉంటాయి. తొలగించిన కణజాలాన్ని సూక్ష్మదర్శిని పరీక్షకు పంపడం మంచి వైద్య సంప్రదాయం.

రక్తం లేక నీరు చేరుట, చనుమొన వద్ద స్పర్శ తగ్గుట, రెండు వైపులా సమానంగా లేకపోవుట, గ్రంథిని మితిమీరి తీసినచో చనుమొన కింద గుంట పడుట దీని దుష్ఫలితాలు. శస్త్రచికిత్స అనంతరం కొన్ని వారాలు బిగుతైన బనియను ధరించాలి. విజయవాడ మే నెల ఎండలలో ఇది చిన్న శిక్ష కాదు. వ్యవధి ఉన్నవారు శీతకాలాన్ని ఎంచుకొనుట ఉత్తమం.

సూర్యారావుపేటలోని ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్లేముందు సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో తొలి పరీక్ష చేయించుకొనవచ్చును. నదికి ఆవల మంగళగిరిలో ఎయిమ్స్ కూడా ఉన్నది. ఎక్కడికి వెళ్లినను, శస్త్రచికిత్స చేసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో గాని, జనరల్ సర్జరీలో గాని గుర్తింపు పొందిన అర్హత ఉన్నదో లేదో అడుగుట రోగి హక్కు.

బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణీకరించిన మినహాయింపుల ప్రకారం సౌందర్య చికిత్సలకు పరిహారం లభించదు; వైద్యపరమైన ఆవశ్యకతను వైద్యుడు ధ్రువీకరించినచో మాత్రమే పరిశీలనకు వస్తుంది. కాబట్టి పరీక్షా ఫలితాలు, నొప్పి, వ్యవధి వివరాలను వ్రాతపూర్వకంగా పొందవలెను. సైనిక నియామక వైద్య పరీక్షలలో ఈ స్థితి అనర్హతకు కారణం కాగలదు గనుక, ఆ ఉద్యోగాలకు సిద్ధపడే యువకులు కోలుకొనే వ్యవధిని లెక్కలోకి తీసుకొని, నోటిఫికేషన్ వెలువడక ముందే వైద్యుని సంప్రదించవలసి ఉంటుంది.