మీకు తెలుసా? పిల్లల నోట రెండు భాషల వ్యాకరణాలు ఇచ్చిపుచ్చుకుంటాయి!

● విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర పెరిగే పిల్లాడు ‘నాన్న తెచ్చిన చేప’ అంటాడు. తెలుగులో వర్ణన ముందు, చేప వెనక. అదే మాట ఇంగ్లిష్‌లో చెప్పాలంటే చేప ముందు, వర్ణన వెనక.

● చైనీస్ భాషల్లో ఒకటైన కాంటనీస్‌దీ మన వరసే. హాంకాంగ్‌లో కాంటనీస్, ఇంగ్లిష్ కలిపి నేర్చుకునే కొందరు పసివాళ్లు మొదట్లో ఇంగ్లిష్‌లోనూ వర్ణనను ముందే పెట్టారని భాషావేత్తలు వర్జీనియా యిప్, స్టీఫెన్ మాథ్యూస్ 2007 నాటి పుస్తకంలో చూపారు.

● ఒక భాష మీద మరో భాష చూపే ఈ ప్రభావం అన్నిచోట్లా కనిపించదు. రెండు భాషల నిర్మాణాలు కొంత కలిసి, కొంత విడిపోయే చోట ఎక్కువని భాషావేత్తలు ఆఫ్కె హుల్క్, నటాషా మ్యుల్లర్ 2000లో ప్రతిపాదించారు.

● ఒడిశాలోని పూరీ పెంటకోటలో స్థిరపడ్డ తెలుగు మత్స్యకారుల పిల్లలకు ఇంట్లో తెలుగు, ఊళ్లో ఒడియా. తెలుగులో ‘వచ్చాడు’, ‘వచ్చింది’ వేరు. ఒడియా క్రియలో ఆడా మగా తేడాయే లేదు. రెండు పద్ధతులూ ఒకే బుర్రలో ఇముడుతాయి.

● ఇలాంటి కలగలుపు గందరగోళం కాదు, ఎదుగుదలలో భాగం. వాక్యం వరస మారిందని పిల్లల్ని కోప్పడకండి. ఇంగ్లిష్ దెబ్బతింటుందన్న భయంతో ఇంట్లో తెలుగు మానేయకండి.