యథాశక్తి: తుంగనాథ శిఖరయాత్ర

పంచకేదారాలలో ఒకటైన తుంగనాథం ఉత్తరాఖండ రాష్ట్రంలో, రుద్రప్రయాగ జిల్లాలో ఉన్నది. భారతయుద్ధానంతరం పాండవులు శివదర్శనం కోరి హిమాలయాలకు వెళ్ళగా, స్వామి వృషభరూపంలో అంతర్హితుడై ఐదు చోట్ల ఐదు అవయవాలుగా వ్యక్తమయ్యాడనీ, బాహువులు వెలసినది ఇక్కడేననీ స్థలపురాణం. ఆలయం 3,400 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. చోప్తా నుండి రాతిబాట నాలుగు కిలోమీటర్లకు లోపే. కాని ఆ కొద్ది దూరంలోనే చాలా ఎత్తు ఎక్కవలసి ఉంటుంది. ఆలయానికి పైన మరో కిలోమీటరున్నర నడిస్తే చంద్రశిల అనే శిఖరం. చంద్రుడు అక్కడ తపస్సు చేశాడని ప్రతీతి.

కొన్నేళ్ళ క్రిందట చంద్రశిల వరకు వెళ్తానని చోప్తాలో సంకల్పం చెప్పుకొని, నా సహధర్మచారిణితో బయలుదేరాను. తిరుమల మెట్లు పలుమార్లు ఎక్కినవాళ్ళం గదా అన్న ధీమా. ఆలయం చేరి దర్శనం చేసుకొనేసరికి ఆమెకు తీవ్రమైన తలనొప్పి, వికారం. ఆమె ఇలా అన్నది: “ఏమండీ, సంకల్పంలో యథాశక్తి అన్నారు కదా! నా శక్తి ఇంతే. మీరు వెళ్ళి రండి.”

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను పది అడుగులు పైకి వేశాను. అప్పుడు ఆ మాట మనస్సున నాటింది. ‘యథాశక్తి’ అవ్యయీభావ సమాసం. శక్తిని అతిక్రమించకుండా అని దాని విగ్రహార్థం. నాలుగు దశాబ్దాలు విద్యార్థులకు చెప్పినదే. అయినా ‘శక్తినంతా ఒడ్డి’ అన్నట్లుగానే దానిని ఆచరిస్తూ వచ్చాను. వెనుదిరిగి ఆమె చేయి పట్టుకొని దిగాను. చోప్తా చేరేసరికి ఆమె తేరుకున్నది. చంద్రశిలను నేను నేటికీ చూడలేదు.

తిరుమల కొండ ఎత్తు 1,000 మీటర్లకు లోపు. హిమాలయాల లెక్క వేరు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలుచబడుతుంది. తుంగనాథం వద్ద ఒక్కొక్క శ్వాసలో లభించే ప్రాణవాయువు సముద్రతీరంలో లభించేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. దేహం దీనికి అలవాటు పడటానికి వ్యవధి కావాలి. కావున ఊఖీమఠంలో ఒక రాత్రి, చోప్తాలో ఒక రాత్రి నిలిచి ఎక్కడం మేలు. తలనొప్పి, వికారం, తల తిరగడం కనిపిస్తే మరి పైకి పోరాదు, తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం తీరకపోయినా, మాట తడబడినా, నడక తూలినా తక్షణమే దిగి వైద్యుని చేరాలి. హృద్రోగులు, శ్వాసరోగులు ముందుగానే వైద్యుని సలహా పొందాలి.

మరి సంకల్పభంగం కాలేదా అని కొందరు నన్ను అడిగారు. కాలేదు. యథాశక్తి అని పలికినవాడు శక్తిని మీరితేనే భంగం.

ఇంకొక మాట. మంచు కమ్మే శీతకాలంలో తుంగనాథ ఆలయాన్ని మూసివేసి, స్వామి ఉత్సవమూర్తిని పల్లకిలో క్రిందనున్న మక్కుమఠానికి తీసుకువస్తారు. పూజలు అక్కడే నడుస్తాయి. భక్తుల శక్తి నెరిగి కొండ దిగివచ్చే స్వామి, దిగిపోయిన భక్తుని తప్పు పట్టునా?

స్వస్తి.