మొక్కలను గూర్చి వ్రాసిన ఉత్తరములు

మన పెరటిలోని కరివేపాకు చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఒక మనిషి పేరు ఇమిడియున్నది. 1771 లో స్వీడన్ దేశపు పండితుడు లిన్నేయస్ దానికి 'బెర్గెరా కోనిగీ' అని నామకరణము చేసినారు. తరువాత చాల కాలము 'ముర్రాయా కోనిగీ' అను పేరు వాడుకలో నుండెను. ఇప్పుడు శాస్త్రజ్ఞులు పలువురు తిరిగి మొదటి పేరునే అంగీకరించుచున్నారు. ఏ పేరైనను కోనిగ్ మాత్రము అందులో నిలిచియున్నాడు. ఆ కోనిగ్ దొర 1785 లో కాకినాడ జగన్నాథపురములో మరణించినారు. లిన్నేయస్ పండితుడు మన దేశమును కన్నులార చూచిన వాడు కాడు. మరి మన కరివేపాకు ఆయన చేతికి ఎట్లు చేరినది? కాగితముల మధ్య ఎండిన రెమ్మగా, ఉత్తరము వెంట ఓడలో చేరినది.

ఆ కాలమున ఒక మొక్కకు పండితులు పెట్టిన పేరు ఒక వాక్యమంత పొడవుండెడిది. ప్రజలు వాడు పేర్లు ఊరి కొక తీరుగా నుండెడివి. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. మనము మాత్రము 'అడవి' అను మాట ముందు చేర్చి ఎన్ని మొక్కలకు పేర్లు పెట్టలేదు! లిన్నేయస్ 1753 లో ప్రకటించిన గ్రంథములో ప్రతి మొక్కకు రెండే మాటల పేరు నిర్ణయించినారు. అయితే ఆ మొక్కలను అన్నింటిని ఆయన స్వయముగా తిరిగి ఏరలేదు. శిష్యులు, వైద్యులు, వర్తకులు, ఓడ అధికారులు నలుదిక్కుల నుండి వ్రాసి పంపినారు. ఆయనకు సంబంధించిన ఉత్తరములు ఐదువేలకు పైగా నేటికిని నిలిచియున్నవి.

ఇట్లు వ్రాసిన వారిలో ఒక రైతు కూడ ఉన్నాడని చెప్పిన మీరు సంతోషింతురు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరము చెంత సేద్యము చేసుకొను జాన్ బార్‌ట్రమ్ అను రైతుకును, లండన్‌లో బట్టల వ్యాపారము చేయు పీటర్ కాలిన్సన్‌కును 1733 ప్రాంతమున మొదలైన ఉత్తరములు 1768 లో కాలిన్సన్ చనిపోవువరకు నడచినవి. బార్‌ట్రమ్ అడవులు తిరిగి విత్తనములు ఏరి, సుమారు నూరు రకములు ఒక పెట్టెలో సర్ది పంపెడివాడు. పెట్టె వెల ఐదు గినీలు. ఎండు మొక్కలను పంపునపుడు ప్రతిదానికి ఒక అంకె వేసి, అదే అంకెతో జత మొక్కను తన యింట ఉంచుకొనెడివాడు. లండన్ నుండి "ఫలానా అంకె మొక్క పేరు ఇది" అని జవాబు వచ్చెడిది. పెద్ద చదువు లేని ఈ రైతును 1765 లో ఇంగ్లాండు రాజు సాలీనా 50 పౌనుల జీతముపై తన వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించెను.

ఇక మన సర్కారు జిల్లాల సంగతి. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ 1768 లో తరంగంబాడికి వచ్చి, 1778 నుండి ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసినారు. ఆయన అంత్యకాలమున చెంత నుండి చూచుకొన్న వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. కోనిగ్ తన కాగితములను లండన్‌లోని సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు చెందవలెనని వ్రాసి పోయినారు. ఆయన ఉద్యోగములో తరువాత విశాఖపట్టణమున నున్న పాట్రిక్ రసెల్ నియమింపబడినారు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఈ రసెల్ పేరే ఉన్నది. 1796 లో అచ్చయిన ఆయన పాముల గ్రంథములో దానిని మన వారు పిలిచిన 'కాటుక రేకుల పొడ' అను పేరు కూడ ఎక్కినది.

రాక్స్‌బర్గ్ 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో నుండి, తోట వేసి, ఈ దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించి, వర్ణనలతో లండన్ పంపినారు. వానిలో 300 బొమ్మలు బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుండి మూడు సంపుటములుగా వెలువడినవి. అందు తెలుగు పేర్లును చేర్చబడినవి. జ్వరములకు మందుగా పరీక్షించుటకై ఆయన ఎడింబరో పంపిన సోమిద చెట్టు బెరడు విషయము మరింత వింత. ఆ చెట్టు జాతికి ఇప్పుడు ప్రపంచమంతట 'సోయ్‌మిడా' అనియే పేరు. అది మన తెలుగు మాటయే!

నా దృష్టిలో రాక్స్‌బర్గ్ వ్రాసిన వానిలో మన రైతులు ముఖ్యముగా తెలిసికొనవలసినది రాజమహేంద్రవరపు సీమలో చెరకు సేద్యమును గూర్చిన వ్యాసము. చెరకు మూడడుగులు ఎదిగిన పిదప వెదురు కర్రలు పాతి, క్రింది ఆకులతో గడలను చుట్టి కట్టు విధమును ఆయన శ్రద్ధగా వర్ణించినారు. చెరకు వేసిన నేల సారము తగ్గునని, అందువలన రెండు మూడేండ్లు బీడు పెట్టుటయో, నేలకు బలము నిచ్చు పైరులు వేయుటయో చేయుదురని వ్రాసినారు. ఏ పైరు నేలకు మేలు చేయునో ఈ దేశపు రైతులకు బాగుగ తెలియుననియు, పప్పుజాతి పైరులను వారు ఎన్నుకొందురనియు ఒప్పుకొన్నారు. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చునని శాస్త్రము తేల్చినది ఆ తరువాత నూరేండ్లకు గాని కాదు.

1789-92 మధ్య ఈ సీమను కరవు పీడించినపుడు కూడ ఆయన కలము ఊరకుండలేదు. పిఠాపురము జమీందారు కుటుంబపు పాత కాగితములలో 1685 నుండి 1687 వరకు వానలు లేక వచ్చిన ఘోర క్షామము ప్రసక్తి యుండగా, ఆ సంగతిని మద్రాసుకు వ్రాసి తెలిపినారు. ఇట్టి కరవు మున్నును వచ్చినదని, మరల రాగలదని దాని వలన తెలిసినది. ఎండకు ఓర్చి ఆహారమిచ్చు కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగా నాటవలెనని ఆయన వాదము.

అయితే ఉత్తరము వ్రాసినంత మాత్రమున అంతయు సరియగునని అనుకొనరాదు. మద్రాసులో వైద్యాధికారియైన జేమ్స్ ఆండర్సన్ 1786 లో గడ్డి మీద కొన్ని పురుగులను చూచి, ఇవి ఎర్ర రంగునిచ్చు కొచ్చినీలు పురుగులే యని బ్యాంక్స్‌కు ఉత్తరములపై ఉత్తరములు వ్రాసినారు. అప్పుడా రంగు వ్యాపారము స్పెయిన్ వారి గుప్పిటిలో నుండెను గనుక ఆశ పెద్దది. నమూనాలను పరీక్షింపగా అది వేరు పురుగని తేలినది. నిజమైన పురుగునకు మేతగా నాగజెముడు కావలెనని తోటలు వేసినారు. 1795 లో బ్రెజిల్ నుండి ఓడలో కలకత్తాకు వచ్చిన పురుగును కూడ మేలుజాతి దనుకొనిరి, అదియును నాసిజాతియే. రంగు రాలేదు గాని, ఆ పురుగు ఒక రకపు నాగజెముడును తిని నాశనము చేసినది. ఆ గుణమును చూచియే 1836-38 లో దక్షిణ దేశమునకు తెచ్చి, పొలముల నాక్రమించిన నాగజెముడు మీద వదలినారు. కలుపును పురుగుచేత చంపించుటకు ప్రపంచములో ఇదియే తొలి ఉదాహరణములలో నొకటి.

ఆండర్సన్ పొరపాటును తేల్చినది ఉత్తరములోని వర్ణన కాదు, దాని వెంట పోయిన నమూనా. మీ పొలములో తెలియని కలుపు మొలచినపుడు "పచ్చని పూల మొక్క" అని ఫోనులో చెప్పిన, వినువారికి పది మొక్కలు గుర్తుకు వచ్చును. ఏ కలుపు మందు వాడవలెనో తేలదు. తప్పు మందు చల్లిన డబ్బు పోవును, పైరును చెడవచ్చును. కావున వేరు, ఆకు, పూవు, కాయ అన్నియు గల మొక్కను తీసి, మన్ను దులిపి, పాత వార్తాపత్రికల మడతలో పరచి, పైన బరువు పెట్టవలెను. తడి ఆరువరకు ప్రతిదినము కాగితములు మార్చవలెను. పచ్చి మొక్కను ప్లాస్టిక్ సంచిలో మూట గట్టి పంపరాదు, కుళ్ళిపోవును. దొరికిన ఊరు, తేదీ, నేల రకము, ఉన్న పైరు, పూవు రంగు, మీ ఊరిలో పిలుచు పేరు ఒక చీటీపై వ్రాసి, మండల వ్యవసాయాధికారికి గాని కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని అందజేయవలెను. బార్‌ట్రమ్ చేసినట్లు అదే అంకె వేసిన జత మొక్కను మీ యొద్ద ఉంచుకొనుడు. జవాబు వచ్చినపుడు పోల్చి చూచుకొనవచ్చును.