కడుపులో కాపురం నిలవాలంటే...

యాంటీబయాటిక్ కోర్సు పూర్తయ్యేసరికి మా చిన్నాడికి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరుగారు మేలుచేసే బాక్టీరియా ఉన్న పొడి రాశారు. "ఇంట్లో గిన్నెడు పెరుగుండగా ఈ పొట్లాలెందుకమ్మాయ్?" అన్నారు మా అత్తగారు. అడగదగ్గ మాటే! కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పేదాన్ని కనక జవాబు నా మీదే పడింది.

పేగు లోపలి గోడమీద జారుడు జిగురు పొర ఉంటుంది. పెద్దపేగులో ఆ జిగురు రెండు వరసలు. గోడకి ఆనుకున్న లోపలి వరస చిక్కగా ఉండి బాక్టీరియాని దాదాపు రానివ్వదు. పైవరస వదులుగా ఉంటుంది. మేలుచేసే సూక్ష్మజీవులు కాపురం పెట్టేది అందులోనే. ఈ జిగురులో మ్యూసిన్ అనే ప్రోటీన్, దానికి గుత్తుల్లా వేలాడే చక్కెరలు ఉంటాయి. బాక్టీరియా తన ఒంటిమీది ప్రోటీన్లతో ఆ గుత్తుల్ని పట్టుకుంటుంది. పట్టు దొరకనిది తిండితోపాటే కొట్టుకుపోతుంది. పెరుగులో ఉండేవి చాలామటుకు బాటసారులే. అలాగని పెరుగు దండగని కాదు సుమండీ, పోతూ పోతూ కూడా పాలచక్కెర అరగడానికి సాయపడతాయి.

ఈ పట్టు సంగతి బాగా తెలిసింది ఎల్‌జీజీ అనే లాక్టోబాసిల్లస్ వల్ల. అమెరికాలో గోర్‌బాక్, గోల్డిన్ అనే శాస్త్రజ్ఞులు 1983లో ఆరోగ్యవంతుడైన మనిషి పేగునుంచి దీన్ని వేరుచేశారు. చివరి రెండు 'జీ'లూ వాళ్ల పేర్లవే. 2009లో ఫిన్లాండ్ పరిశోధకులు దాని ఒంటిమీద నూగులాంటి సన్నటి పోగులు కనిపెట్టారు. వాటిమీది ఒక ప్రోటీన్ జిగురుకి అతుక్కుంటుంది. పోగుల్లేని దగ్గరి బంధువు ఎల్‌సీ705 కంటే ఇది మనుషుల పేగుల్లో ఎక్కువరోజులు నిలిచింది. ప్రయోగశాలలో పెంచిన పేగు కణాలకీ ఈ పోగుల సాయంతోనే అంటుకుంటుందని తర్వాత తేలింది. ఇంతా చేసి, వాడకం ఆపేస్తే చాలామందిలో కొద్దిరోజులకే మాయం!

నా మటుకు నాకు, డబ్బుపోసి కొత్త కాపురస్తుల్ని తెచ్చుకునేకన్నా ఉన్నవాళ్ల ఇల్లు పదిలంగా ఉంచుకోవడం ముఖ్యమనిపిస్తుంది. మనిషి పేగు బాక్టీరియాని చిట్టెలుకల్లో పెట్టి చేసిన ప్రయోగమొకటి 2016లో వెలువడింది. వాటి తిండిలో పీచు తీసేస్తే ఆ బాక్టీరియా ఆకలికి జిగురునే తినడం మొదలెట్టాయి. పొర పలచబడి రోగక్రిమికి దారి సులువైంది. తోటకూర, గోరుచిక్కుడు, జొన్నరొట్టె, పొట్టుతియ్యని పెసలు... పిల్లలు కంచంలో పక్కకి నెట్టేవన్నీ వాటికి తిండే.

ఒక్క హెచ్చరిక. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్లకి ఈ పొడులు సొంతంగా వెయ్యకండి. అలాంటి బిడ్డ ఒకరు, ఇచ్చిన బాక్టీరియాయే రక్తంలోకి పాకి చనిపోయాక, 2023లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ డాక్టర్లనే హెచ్చరించింది. రోగనిరోధకశక్తి బాగా తగ్గినవాళ్లకీ డాక్టరు చెబితేనే ఇవ్వాలి.